ఎంత? ఎవరికి?

ప్రతి ఏటా మన సావనీరులో నిరుద్యోగ సమస్యమీద, పరీక్షల సంస్కరణమీద, యువతరం బాధ్యతలమీద వ్యాసాలు వస్తూంటాయి. రావాలి కూడా. ఈసారి నేను మాత్రం ఒకే ఒక వాక్యం గురించి రాయదలచుకున్నాను. అది ఏ మహాకవి రాసిన వాక్యమూ కాదు. ఎస్‌క్యూఎల్ అనే కంప్యూటరు భాషలోని 'అప్‌డేట్' వాక్యం. ఈ మాట వినగానే సాహిత్య విద్యార్థులూ, చరిత్ర విద్యార్థులూ పేజీ తిప్పెయ్యవద్దని మనవి. మీ మార్కులూ, మీ స్కాలర్‌షిప్పూ, మీ తాతగారి పింఛనూ ఇవాళ ఏదో ఒక పట్టికలో, ఏదో ఒక గడిలో ఉన్నాయి. ఆ గడిలో అంకె మారేది చాలాచోట్ల ఈ వాక్యంతోనే. కనుక ఇది మనందరి గొడవ.

నా వాదన ఏమిటో ముందే చెప్పేస్తాను. ఒక పట్టికలోని విలువలను చూసి మరొక పట్టికను మార్చేటప్పుడు రెండు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఎంత రాయాలి? ఎవరికి రాయాలి? మనం మొదటి ప్రశ్న నేర్చుకుంటున్నాం, రెండోదాన్ని గాలికి వదిలేస్తున్నాం. రెండోదాన్ని మొదటిదానికంటె గట్టిగా నేర్పాలని, నేర్చుకోవాలని నా అభిప్రాయం.

కంప్యూటర్ సైన్సు తెలియని మిత్రుల కోసం కొంచెం పూర్వరంగం. ఈ పద్ధతికి పునాది వేసినవారు ఐబీఎం సంస్థలో పనిచేసిన ఇ.ఎఫ్. కాడ్. సమాచారమంతటినీ పట్టికలుగా, అంటే ఒకప్పటి కరణాల దస్తరంలో లాగా అడ్డు వరుసలూ నిలువు వరుసలుగా చూడవచ్చునని 1970లో వెలువడిన తమ పరిశోధనా పత్రంలో ఆయన ప్రతిపాదించారు. 1974లో అదే సంస్థకు చెందిన డోనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ ఆ పట్టికలను ప్రశ్నించడానికి 'సీక్వెల్' అనే భాషను ప్రకటించారు. తరువాత ఆ పేరే కుదించుకుని ఎస్‌క్యూఎల్ అయింది. 1986లో అమెరికా ప్రమాణాల సంస్థ, 1987లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ దానికి ఆమోదముద్ర వేశాయి. ప్రోగ్రాములు రాయనివారు కూడా మామూలు వాక్యంలాగా రాసి పని జరిపించుకోవాలన్నది ఆ పెద్దల ఆశయం.

ఆశయం చాలా గొప్పది, సందేహం లేదు. అయితే ఆ భాషలో అడిగే వాక్యాలు వేరు, మార్చే వాక్యాలు వేరు. 'సెలెక్ట్' అడుగుతుంది. తప్పుగా అడిగితే తప్పు జవాబు వస్తుంది, నాలిక కరుచుకుని మళ్ళీ అడుగుతాం. 'అప్‌డేట్' మారుస్తుంది. తప్పుగా మార్చి ఖాయం చేసేస్తే గడిలోని పాత విలువ పోతుంది. బ్యాకప్ ఉంటే సరే, లేకపోతే దానిని ఎవరిని అడిగి తెచ్చుకుంటాం? ఇంత తేడా ఉన్న రెండు వాక్యాలనూ ల్యాబులో మనం ఒకే గాటన కడుతున్నాం. నేను చూసిన ల్యాబు రికార్డుల్లో సెలెక్ట్ మీద పేజీలకు పేజీలు లెక్కలుంటాయి. అప్‌డేట్ మీద ఉండేది 'ఉద్యోగులందరికీ పది శాతం జీతం పెంచుము' అన్న ఒక్క లెక్క. ఆఫీసుల్లో నిజంగా వచ్చే పని అది కాదు. ఒక జాబితా వస్తుంది. దాన్ని చూసి అసలు రిజిస్టరు దిద్దాలి. అక్కడే 'కోరిలేటెడ్ సబ్‌క్వెరీ' రంగప్రవేశం చేస్తుంది.

పేరు చూసి భయపడనక్కరలేదు. అప్‌డేట్ అసలు పట్టికలోని ఒక్కొక్క వరుసనూ పట్టుకుంటుంది. ఆ వరుసకు కావలసిన విలువ కోసం, ఆ వరుసలోని నంబరే చేతబట్టుకుని, రెండో పట్టికలోకి వెళ్ళి వెతుకుతుంది. లోపలి ప్రశ్న బయటి వరుసమీద ఆధారపడుతుంది కనుక దానికి ఆ పేరు. గుమాస్తా ఒక చేత్తో రిజిస్టరు, మరొక చేత్తో జాబితా పట్టుకుని పేరు పేరుకూ సరిచూసుకోవడం లాంటిదే ఇది.

ఒరాకిల్ ల్యాబులో కూర్చున్న ప్రతివాడికీ తెలిసిన 'ఎంప్', 'డెప్ట్' పట్టికలనే తీసుకుందాం. స్కాట్ అని పేరు కొట్టి, టైగర్ అని పాస్‌వర్డు కొట్టి లోపలికి వెళ్ళని విద్యార్థి మన తరాల్లో అరుదు. ఎంప్‌లో 14 మంది ఉద్యోగులు, డెప్ట్‌లో 4 శాఖలు. డెప్ట్‌కు 'మొత్తం జీతం' అని ఒక కాలమ్ చేర్చి, ఒక్కొక్క శాఖకూ దాని ఉద్యోగుల జీతాల మొత్తం రాయమని అనుకుందాం. వాక్యం ఇలా ఉంటుంది. కీలకపదాలను మన లిపిలోనే రాస్తున్నాను:

అప్‌డేట్ డెప్ట్
సెట్ మొత్తం_జీతం =
(సెలెక్ట్ సమ్(ఎంప్.శాల్) ఫ్రమ్ ఎంప్
వేర్ ఎంప్.డెప్ట్‌నో = డెప్ట్.డెప్ట్‌నో)

10వ శాఖకు 8,750, 20వ శాఖకు 10,875, 30వ శాఖకు 9,400 వస్తాయి. మరి 40వ శాఖ? బోస్టన్‌లోని ఆపరేషన్స్ శాఖ అది. అందులో ఒక్క ఉద్యోగి కూడా లేడు. ఆ గడిలో సున్నా వస్తుందనుకుంటే పొరపాటే. అక్కడ వచ్చేది 'నల్', అంటే ఖాళీ. సున్నాకూ ఖాళీకీ తేడా ఏమిటంటారా? అదే ఎంప్ పట్టికలో కమీషన్ కాలమ్ చూడండి. టర్నర్‌కు కమీషన్ 0 అని ఉంటుంది. కింగ్‌కు ఏమీ ఉండదు. టర్నర్ కమీషన్‌కు అర్హుడు, ప్రస్తుతానికి సున్నా వచ్చింది. కింగ్‌కు అసలా ప్రసక్తే లేదు. జేబులో డబ్బుల్లేకపోవడానికీ, చొక్కాకు జేబే లేకపోవడానికీ ఉన్నంత తేడా ఇది.

40వ శాఖ విషయంలో మనకు కావలసింది సున్నాయే. ఉద్యోగులు లేరు కాబట్టి జీతాల మొత్తం సున్నా. 'కోయలెస్' అనే ఫంక్షను పెట్టి, ఖాళీ వస్తే సున్నా రాయమని చెప్పవచ్చు. ఇక్కడివరకు పెద్ద ప్రమాదమేమీ లేదు. అసలు ప్రమాదం ఈ వాక్యాన్నే బట్టీపట్టి పరీక్షల విభాగానికి తీసుకువెళ్ళినప్పుడు మొదలవుతుంది.

రీవాల్యుయేషన్ సంగతి మనలో తెలియనివారెవరు? ఒక కోర్సులో 300 మంది విద్యార్థులు, ఒక్కొక్కరికి 5 పేపర్లు అనుకుందాం. 'ఫలితాలు' అనే పట్టికలో 1,500 వరుసలుంటాయి. 40 మంది తలా ఒక పేపరుకు రీవాల్యుయేషన్ పెట్టుకున్నారనుకుందాం. కొత్త మార్కులు 'పునర్మూల్యాంకనం' అనే పట్టికలో 40 వరుసలుగా వచ్చాయి. ఫలితాలను దిద్దాలి. ల్యాబులో నేర్చుకున్న వాక్యమే రాస్తాం:

అప్‌డేట్ ఫలితాలు
సెట్ మార్కులు =
(సెలెక్ట్ పునర్మూల్యాంకనం.మార్కులు ఫ్రమ్ పునర్మూల్యాంకనం
వేర్ పునర్మూల్యాంకనం.హాల్‌టికెట్ = ఫలితాలు.హాల్‌టికెట్
అండ్ పునర్మూల్యాంకనం.పేపరు = ఫలితాలు.పేపరు)

చూడటానికి ముచ్చటగా ఉంది. హాల్‌టికెట్ సరిపోవాలని చెప్పాం, పేపరు సరిపోవాలనీ చెప్పాం. వ్యాకరణ దోషం లేదు. యంత్రం కిమ్మనకుండా పనిచేసి, '1,500 వరుసలు మారాయి' అని వినయంగా విన్నవిస్తుంది. 40 వరుసల్లో కొత్త మార్కులు సక్రమంగా వచ్చి కూర్చుంటాయి. మిగిలిన 1,460 వరుసల్లో మార్కులు తుడిచిపెట్టుకుపోతాయి!

ఎందుకిలా? లోపలి 'వేర్' చెప్పింది ఏ విలువ తేవాలో మాత్రమే. ఏ వరుసలను ముట్టుకోవాలో చెప్పే 'వేర్' బయట ఉండాలి. అది లేదు. లేనప్పుడు అప్‌డేట్ ప్రతి వరుసనూ ముట్టుకుంటుంది. రీవాల్యుయేషన్ పెట్టుకోని విద్యార్థి కోసం లోపల వెతికితే ఏమీ దొరకలేదు. ఏమీ దొరక్కపోతే ఖాళీ. ఆ ఖాళీనే తెచ్చి గడిలో రాసింది. 'ఎంత?' అన్న ప్రశ్నకు మనం చెప్పిన జవాబును 'ఎవరికి?' అన్న ప్రశ్నకు కూడా జవాబనుకున్నాం. యంత్రం అలా అనుకోదు.

ఆ 1,460 వరుసల యజమానుల గతేమిటో ఆలోచించండి. పాసు మార్కు 40 అయితే, '40 లేక అంతకు పైన' ఉన్నవారి జాబితా అడిగితే ఖాళీ గడివాడు రాడు. '40కి తక్కువ' వచ్చినవారి జాబితా అడిగినా వాడు రాడు! ఖాళీని దేనితో పోల్చినా యంత్రానికి వచ్చే జవాబు 'తెలియదు' అన్నదే. తెలియనివారిని అది ఏ జాబితాలోనూ చేర్చదు. పాసైనవారిలో లేడు, తప్పినవారిలో లేడు. విశ్వామిత్రుడు ఎత్తిన త్రిశంకువుకైనా నిలబడటానికొక స్వర్గం దొరికింది. మన విద్యార్థికి అదీ లేదు. పైపెచ్చు క్లాసు సగటు తీస్తే యంత్రం ఖాళీలను లెక్కలోకి తీసుకోకుండా ఉన్న 40 మంది సగటే చెబుతుంది. అది చూడటానికి మామూలు అంకెలాగే ఉండి ఎవరికీ అనుమానం రానివ్వదు.

సరైన వాక్యానికి చివర మరొక భాగం కావాలి:

వేర్ ఎగ్జిస్ట్స్
(సెలెక్ట్ 1 ఫ్రమ్ పునర్మూల్యాంకనం
వేర్ పునర్మూల్యాంకనం.హాల్‌టికెట్ = ఫలితాలు.హాల్‌టికెట్
అండ్ పునర్మూల్యాంకనం.పేపరు = ఫలితాలు.పేపరు)

అంటే, 'ఎవరి పేరు ఆ జాబితాలో ఉందో వారినే ముట్టుకో' అని. ఇప్పుడు 40 వరుసలే మారతాయి. చెప్పిందే మళ్ళీ చెబుతున్నట్టుంది కదూ? చాలామంది దీన్ని చాదస్తం అనుకుని వదిలేయడానికి కారణం అదే. పెళ్ళి శుభలేఖలో విందు వివరాలు రాయడం ఒకటి, శుభలేఖ ఎవరెవరికి పంపాలో జాబితా రాయడం మరొకటి. వివరాలు రాశాం కదా అని ఊరందరికీ పంచం.

ఇక్కడే 'కోయలెస్' పెట్టి, కొత్త మార్కు లేకపోతే పాతదే ఉంచమని చెప్పవచ్చును కదా అని కొందరు మిత్రులు అంటారు. చెప్పవచ్చు. మార్కులు పోవు. కాని అప్పుడు కూడా 1,500 వరుసలనూ ముట్టుకుని, 1,460 వరుసల్లో పాత అంకెనే మళ్ళీ రాయించినట్టవుతుంది. ఏ వరుస ఎప్పుడు మారిందో నమోదు చేసే ట్రిగ్గరు ఆ పట్టికమీద ఉంటే, 1,500 పేపర్లూ దిద్దినట్టు రికార్డవుతుంది. రేపు ఎవరైనా విచారణకు వచ్చి 'మీరు దిద్దినవి ఎన్ని?' అని అడిగితే ఏమని చెబుతాం? 40వ శాఖకు సరిపోయిన మందు ఇక్కడ పనికిరాదు. అక్కడ దొరకకపోవడానికి అర్థం సున్నా. ఇక్కడ దొరకకపోవడానికి అర్థం 'ముట్టుకోవద్దు'. రెండుచోట్లా యంత్రానికి కనిపించేది ఒకే ఖాళీ. ఆ అర్థం తెలిసినవాడు మనిషి ఒక్కడే. అందుకనే ఈ వాక్యాన్ని బట్టీపట్టి రాయకూడదంటున్నాను.

ఇంకొక మెలిక చూడండి. 'మార్కులు పెరిగితేనే మార్చాలి, తగ్గితే పాతవే ఉంచాలి' అని నిబంధన ఉందనుకుందాం. 40 మందిలో 25 మందికి పెరిగాయి. లోపలి ప్రశ్నలో 'కొత్త మార్కు పాతదానికంటె ఎక్కువ' అన్న షరతు చేర్చాం. చివరి ఎగ్జిస్ట్స్‌లో చేర్చడం మరిచాం. ఏమవుతుంది? మిగిలిన 15 మంది పేర్లు జాబితాలో ఉన్నాయి కాబట్టి ఎగ్జిస్ట్స్ వారిని లోనికి రానిస్తుంది. లోపల షరతు వారిని తోసేస్తుంది. చేతికి ఖాళీ దక్కుతుంది. పెరగకపోతే పోయె, ఉన్న మార్కులు కూడా పోయాయి! నిబంధన మారినప్పుడల్లా రెండుచోట్లా మార్చాలి.

అయితే ఈ సబ్‌క్వెరీ వాక్యానికి దోషాలే ఉన్నాయని నేను అనడం లేదు. దానికొక గొప్ప గుణం ఉంది. ఒకే హాల్‌టికెట్, ఒకే పేపరుకు జాబితాలో రెండు వరుసలు పడ్డాయనుకోండి: ఒకదాంట్లో 52, మరొకదాంట్లో 61. అప్పుడు ఒరాకిల్ గాని, పోస్ట్‌గ్రెస్ గాని 'ఒకటి అడిగితే రెండు వచ్చాయి' అని తప్పు చూపి మొత్తం పనినే నిలిపివేస్తాయి. ఒక్క గడి కూడా మారదు. ఇదే పనిని రెండు పట్టికలను కలిపి 'అప్‌డేట్, ఫ్రమ్' పద్ధతిలో రాస్తే వ్యవహారం వేరు. ఆ పద్ధతిలో పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్ సర్వర్ రెండింటిలో ఏదో ఒకదాన్ని తీసుకుంటాయి. ఏది తీసుకుంటాయో చెప్పలేమని వాటి పుస్తకాల్లోనే రాసి ఉంది. విద్యార్థికి 52 వచ్చిందా, 61 వచ్చిందా అన్నది దైవాధీనం. రెండు జవాబులు వస్తే నిలబడి అడిగే పద్ధతి నాకు ముద్దు. జాబితాలో హాల్‌టికెట్, పేపరు కలిపి రెండుసార్లు రాకూడదని 'ప్రైమరీ కీ' పెట్టుకుంటే ఆ గొడవే ఉండదు.

తప్పు చూపకుండా తప్పు చేయించే దారులు ఇంకా రెండు ఉన్నాయి. పేపరు షరతు మరిచిపోయి, లోపలా బయటా హాల్‌టికెట్ ఒక్కటే సరిచూశామనుకోండి. ఒక పేపరుకే దరఖాస్తు పెట్టిన విద్యార్థికి ఆ పేపరు మార్కే అయిదు పేపర్లలోనూ పడుతుంది. జాబితాలో అతనికి ఒకే వరుస ఉంది కనుక యంత్రానికి అభ్యంతరమే లేదు. '200 వరుసలు మారాయి' అంటుంది.

రెండో దారి ఇంకా చిత్రమైంది. బయటి షరతును క్లుప్తంగా 'వేర్ హాల్‌టికెట్ ఇన్ (సెలెక్ట్ హాల్‌టికెట్ ఫ్రమ్ పునర్మూల్యాంకనం)' అని రాశాం. కాని జాబితా తయారుచేసినవారు అందులో ఆ కాలమ్‌కు 'రోల్‌నంబరు' అని పేరు పెట్టారు. లోపలి పట్టికలో హాల్‌టికెట్ అనే కాలమే లేదు. యంత్రం తప్పు చూపాలి కదా? చూపదు. లోపల దొరకని పేరును బయటి పట్టికలో వెతుక్కోమని భాషా నియమం. బయట ఉంది. అంటే ప్రతి విద్యార్థి హాల్‌టికెట్‌నూ ఆ విద్యార్థి హాల్‌టికెట్‌తోనే పోల్చి, 'ఆహా, సరిపోయింది' అనుకుంటుంది. మనం కోరకుండానే అది కోరిలేటెడ్ అయిపోయింది! 1,500 వరుసలూ లోనికి వచ్చేస్తాయి. దీనికి విరుగుడు మన ఊళ్ళలో ఎప్పటినుంచో ఉన్నదే. క్లాసులో ఇద్దరు సత్యనారాయణలుంటే ఇంటిపేరు కలిపి పిలుస్తాం. ప్రతి కాలమ్‌నూ పట్టిక పేరనే ఇంటిపేరుతో రాస్తే, లేని పేరు వెంటనే బయటపడుతుంది.

'తప్పు చూపలేదు కదా, అంతా సవ్యంగానే జరిగి ఉంటుంది' అన్న భరోసా ఎంత బోలుదో ఈ భాషను పుట్టించినవారికే అనుభవమయింది. 1970వ దశకంలో ఐబీఎంలో 'సిస్టమ్ ఆర్' అనే పరిశోధన జరుగుతున్న రోజుల్లో, 25,000 డాలర్లకు తక్కువ జీతం ఉన్నవారికి పది శాతం పెంచమని ఒక అప్‌డేట్ ఇచ్చారు. ఏ తప్పూ చూపకుండా అది పూర్తయింది. తీరా చూస్తే ప్రతివాడి జీతమూ 25,000కు చేరింది! జీతాల వరుసలో వెతుక్కుంటూ పోతూండగా, పెంచిన జీతంవాడు ముందుకు జరిగి మళ్ళీ ఎదురుపడ్డాడు. మళ్ళీ పెంచింది. హద్దు దాటేదాకా అలాగే పెంచుతూ పోయింది. హాలోవీన్ పండుగనాడు బయటపడిందని దానికి 'హాలోవీన్ సమస్య' అని పేరు. ఆ లోపం యంత్రానిది. సరిదిద్దే బాధ్యతను నేటి డేటాబేసులు తమమీద వేసుకున్నాయి. 'ఎవరికి' అన్న ప్రశ్న మరవడం మాత్రం మన లోపం. దాన్ని ఏ యంత్రమూ సరిదిద్దదు.

నా వాదనకు వచ్చే ఆక్షేపణలు నాకు తెలుసు. మొదటిది: ఈ పద్ధతి నిదానం, ఒక్కొక్క వరుసకూ లోపలికి వెళ్ళి వెతకాలి అని. లోపలి పట్టికలో హాల్‌టికెట్, పేపరుమీద ఇండెక్సు ఉంటే ఆ వెతుకులాట ఎంతసేపు? మన 1,500 వరుసల సంగతి అటుంచండి, లక్షల వరుసలకైనా మొదట చూడవలసింది ఇండెక్సు ఉందా లేదా అన్నది. ఫలితాలు పది నిమిషాలు ఆలస్యమైతే ఎవరి బతుకూ చెడదు. తప్పుగా వస్తే చెడుతుంది.

రెండోది: 'మెర్జ్' అనే వాక్యం ఉండగా షరతు రెండుసార్లు రాయడమెందుకు అని. ఇది న్యాయమైన మాట. 2003 ప్రమాణంలో చేరిన మెర్జ్‌లో షరతు ఒక్కసారే రాస్తాం. సరిపోయినవారినే మార్చమంటాం. అది ఉన్నచోట తప్పక వాడండి. కాని పోస్ట్‌గ్రెస్‌కు అది 2022లో వచ్చిన 15వ వెర్షనుతో గాని రాలేదు. మైఎస్‌క్యూఎల్‌లో లేదు. పాత వెర్షన్లతో నడిచే ఆఫీసుల్లో ఈ సబ్‌క్వెరీ తప్పదు. మెర్జ్ వాడినా 'ఎవరికి' అన్న ప్రశ్న పోదు, దానికి జవాబు రాసే చోటు మాత్రం మారుతుంది.

మూడోది: మార్కుల కాలమ్‌ను 'నాట్ నల్' అని ప్రకటిస్తే చాలదా అని. ప్రకటించండి, మంచిదే. ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్ ఖాళీ రాయడానికి నిరాకరిస్తాయి. కాని స్ట్రిక్ట్ మోడ్ తీసేసిన మైఎస్‌క్యూఎల్ ఆ ఖాళీకి బదులు సున్నా రాసి, ఒక హెచ్చరికతో సరిపెడుతుంది. త్రిశంకువు కాస్తా తప్పినవాడవుతాడు. పైగా పరీక్షకు రానివాడి గడి న్యాయంగానే ఖాళీగా ఉంచేచోట ఆ ప్రకటన కుదరదు.

నాలుగోది ఈ రోజుల్లో కొత్తగా వచ్చింది: ఇప్పుడు వాక్యాలు మనం రాయడమేమిటి, అడిగితే కంప్యూటరే రాసి పెడుతుంది కదా అని. రాసి పెట్టనివ్వండి. 40 మందే దరఖాస్తు పెట్టారన్న సంగతి మనం చెప్పకపోతే దానికెలా తెలుస్తుంది? వాక్యం ఎవరు రాసినా, ఎన్ని వరుసలు మారాలో చెప్పవలసినవాడు ఆ పని బాధ్యత తీసుకున్నవాడే.

ఇంతకూ నేను కోరేదేమిటి? సిలబస్ తిరగరాయమని కాదు. ల్యాబులో ప్రతి అప్‌డేట్ లెక్కకూ ముందు విద్యార్థిచేత ఒక అంకె రాయించండి: 'నా లెక్క ప్రకారం ఇన్ని వరుసలు మారాలి.' అంతే. ఆ అంకె తెలియాలంటే అప్‌డేట్‌కు పెట్టే బయటి షరతునే ముందుగా ఒక సెలెక్ట్‌కు పెట్టి లెక్కించాలి; దరఖాస్తుల కట్టను కూడా వేరుగా లెక్కపెట్టాలి. ఆ రెండూ కలవాలి. ఆ తరువాత 'బిగిన్' అని ట్రాన్సాక్షను మొదలుపెట్టి, అప్‌డేట్ ఇచ్చి, యంత్రం చెప్పిన అంకెను కాగితంమీది అంకెతో పోల్చాలి. కలిస్తే 'కమిట్'. కలవకపోతే 'రోల్‌బ్యాక్', పాతవన్నీ భద్రంగా వెనక్కి వస్తాయి. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ మామూలుగా ప్రతి వాక్యాన్నీ వెంటనే ఖాయం చేసేస్తాయి కనుక బిగిన్ అనడం మరవరాదు.

పైన చెప్పిన కేసులన్నీ వెనక్కి తిప్పి చూడండి. బయటి షరతు మరిచినప్పుడు 40కి బదులు 1,500 వచ్చింది. పేపరు మరిచినప్పుడు 200 వచ్చింది. ఇంటిపేరు మరిచినప్పుడు 1,500 వచ్చింది. పెరిగినవారికే అన్న షరతు ఒకచోట మరిచినప్పుడు 25కు బదులు 40 వచ్చింది. కాగితంమీద ముందే అంకె రాసుకున్నవాడు నాలుగుసార్లూ ఆగేవాడు. రాసుకోనివాడికి ఆ నాలుగు అంకెలూ ఒకేలాగ కనిపిస్తాయి. పరీక్ష పేపర్లు తయారుచేసే గురువులకు కూడా ఒక మనవి. 'ఈ అప్‌డేట్ వాక్యం రాయుము' అని అడిగే ప్రశ్నకు తోడుగా, 'ఈ వాక్యం వల్ల మారకూడని వరుసలేవి? అవి మారలేదని ఎలా చూపుతావు?' అని మరొక ప్రశ్న అడగండి. మార్కులు సగం దానికి కేటాయించండి.

మనలో చాలామందిమి రేపు ఉద్యోగాల్లోకి వెళతాం. బ్యాంకులోనో, విద్యుత్ శాఖలోనో, ఆసుపత్రిలోనో, ఇదే విశ్వవిద్యాలయం పరీక్షల విభాగంలోనో కూర్చుంటాం. కొందరు సముద్రాలు దాటి వెళ్ళి ఎక్కడివారి పట్టికలో దిద్దుతారు. ఆ వరుసల్లో మనుషులున్నారు. జాబితాలో పేరున్నవాడు తన పని జరిగిందా లేదా అని ఆఫీసు చుట్టూ తిరిగి అడుగుతాడు. జాబితాలో పేరు లేనివాడు తన గడిని ఎవరో ముట్టుకున్నారని కూడా ఎరగక ఇంట్లో నిశ్చింతగా ఉంటాడు. అతని తరఫున అడిగేవాడు ఆ క్షణాన కీబోర్డు ముందున్న మనిషి ఒక్కడే. కనుక మిత్రులారా, అప్‌డేట్ అని కొట్టబోయే ముందు ఆ అంకె కాగితంమీద రాసుకోండి.